‘అమెరికా కోర్టు స్టే’ అంటే.. ఏ కోర్టు? ఏ జడ్జి?

2024 మే నెలలో ఒక వీడియో మన ఫోన్లలో బాగా తిరిగింది. కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో జడ్జిగా నియమితులైన జయ బాడిగ, ప్రమాణ స్వీకార కార్యక్రమంలో తెలుగులో పలకరించి, సంస్కృత శ్లోకంతో ముగించారు. ఆమె విజయవాడలో పుట్టారు. మచిలీపట్నం మాజీ ఎంపీ బాడిగ రామకృష్ణ కుమార్తె. బెజవాడ అమ్మాయి అమెరికాలో జడ్జి అయ్యారని అందరూ సంతోషించారు. సంతోషించాల్సిన విషయమే.

మరి హెచ్-1బీ మీద ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వును ఆమె ఆపగలరా? ఆపలేరు. ఎవరికైనా గ్రీన్ కార్డు ఇప్పించగలరా? ఆమె కోర్టుకు ఆ సంగతే రాదు. వీసా గడువు దాటిందని పట్టుకున్న కుర్రాడిని విడిపించగలరా? అదీ కుదరదు. అలాగని ఆమెది చిన్న పదవి అనుకోకండి. విడాకులు, పిల్లల కస్టడీ, ఆస్తి తగాదా, దొంగతనం, హత్య.. శాక్రమెంటో కౌంటీలో సామాన్యుల జీవితాల్ని తలకిందులు చేసే కేసులన్నీ దాదాపు ఆ సుపీరియర్ కోర్టుకే వస్తాయి. వీసా వ్యవహారం వేరే చోట తేలుతుంది, అంతే.

కృష్ణా డెల్టాలో పిల్లలు అమెరికాలో లేని వీధి వెతకడం కష్టం. గుడివాడైనా, ఉయ్యూరైనా, కంకిపాడైనా, ‘అమెరికా కోర్టు షాక్’, ‘అమెరికా కోర్టు ఊరట’ అన్న నోటిఫికేషన్ రాగానే ఇక్కడ బీపీ పెరుగుతుంది, లేదంటే పాయసం వండుతారు. ఆ హెడ్డింగులు పెట్టేది మాలాంటి డెస్కులే కాబట్టి, వాటిని ఎలా చదవాలో చెప్పే బాధ్యతా మా మీదే ఉంది. అమెరికాలో ‘జడ్జి’ అనే ఒక్క మాట కింద కనీసం మూడు వేర్వేరు ఉద్యోగాలున్నాయి. ఆ కుర్చీలో ఎవరు కూర్చోబెట్టారు, ఎవరు దింపగలరు అన్నది తెలిస్తే గానీ ఆ తీర్పు మీ ఇంటిదాకా వస్తుందో రాదో తెలియదు.

ఒక నిచ్చెన మనది, రెండు నిచ్చెనలు వాళ్లవి

మన దగ్గర కోర్టుల నిచ్చెన ఒక్కటే. విజయవాడలో 2022 ఆగస్టులో ప్రారంభమైన కొత్త కోర్టు సముదాయంలోని జూనియర్ సివిల్ జడ్జి దగ్గర మొదలైన కేసు, బందరులోని జిల్లా కోర్టుకు, అక్కడి నుంచి అమరావతి నేలపాడులోని హైకోర్టుకు, చివరికి ఢిల్లీలో సుప్రీంకోర్టుకు వెళ్లవచ్చు. పార్లమెంటు చేసిన చట్టమైనా, అసెంబ్లీ చేసిన చట్టమైనా అదే జడ్జి చూస్తారు. కేంద్రానికి వేరే కోర్టులు, రాష్ట్రానికి వేరే కోర్టులు అన్న విభజన మనకు లేదు. ట్రైబ్యునళ్లు ఉన్నాయి గానీ అది వేరే కథ.

అమెరికాలో రెండు నిచ్చెనలు పక్కపక్కన నిలబడి ఉంటాయి. 50 రాష్ట్రాలకూ సొంత కోర్టులున్నాయి, సొంత సుప్రీంకోర్టులున్నాయి. రాష్ట్ర చట్టం విషయంలో ఆ రాష్ట్ర అత్యున్నత కోర్టు చెప్పిందే చివరి మాట. దేశంలో దాఖలయ్యే కేసుల్లో నూటికి 90కి పైగా ఈ రాష్ట్ర కోర్టులవే. రెండోది కేంద్రానిది, వాళ్ల భాషలో ఫెడరల్. కింద 94 జిల్లా కోర్టులు, వాటిపైన 13 అప్పీలు కోర్టులు, అన్నిటికీ పైన తొమ్మిది మంది జడ్జిల సుప్రీంకోర్టు. రాజ్యాంగం, వీసాలు, పౌరసత్వం, కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వులు.. ఇవన్నీ ఈ నిచ్చెన మీదకు వెళ్తాయి.

అందుకే, డాలస్‌లో మీవాడికి కారు యాక్సిడెంట్ కేసు అయితే అది రాష్ట్ర కోర్టు. అదే అబ్బాయి స్టూడెంట్ స్టేటస్ ప్రభుత్వం రద్దు చేస్తే, దాన్ని సవాలు చేయాల్సింది ఫెడరల్ కోర్టులో. రెండు భవనాలు ఒకే వీధిలో ఉండవచ్చు. ఒకదానిలో పని మరొకదానిలో జరగదు.

ఓటుతో వచ్చే జడ్జి

జయ బాడిగ జడ్జి ఎలా అయ్యారో చూస్తే రాష్ట్ర కోర్టుల తీరు సగం అర్థమవుతుంది. హైదరాబాద్‌లో డిగ్రీ, బోస్టన్ యూనివర్సిటీలో పీజీ, తర్వాత శాంటాక్లారా యూనివర్సిటీలో లా. లాయరుగా ప్రాక్టీసు, ముఖ్యంగా కుటుంబ కేసుల్లో. 2022 నుంచి అదే కోర్టులో కమిషనర్. కమిషనర్ అంటే జడ్జిల పనిలో కొంత పంచుకునే అధికారి, కోర్టు జడ్జిలే నియమించుకుంటారు. ఆ తర్వాత ఒక జడ్జి రిటైరై ఖాళీ వస్తే, గవర్నర్ గావిన్ న్యూసమ్ ఆమెను నియమించారు. అక్కడ గవర్నర్ అంటే మన ముఖ్యమంత్రి లాంటివారు, మన గవర్నర్ లాంటివారు కాదు.

కాలిఫోర్నియాలో ఈ పదవికి కనీసం పదేళ్లు లాయరుగా ఉండాలి. గవర్నర్ పేరు ప్రకటించే ముందు స్టేట్ బార్‌కు చెందిన కమిషన్ ఆ వ్యక్తి అర్హతల్ని పరిశీలిస్తుంది. మన దగ్గర పోటీ పరీక్ష రాసి జూనియర్ సివిల్ జడ్జి అవుతారు. 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఆ పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు మళ్లీ తప్పనిసరైంది. అమెరికాలో అలాంటి పరీక్ష లేదు.

మనకు మరీ వింతగా అనిపించే సంగతి ఇంకోటి ఉంది. కాలిఫోర్నియా గవర్నర్ కార్యాలయం జడ్జిల నియామకాలను ప్రకటించేటప్పుడు, చివర్లో ఆ వ్యక్తి ఏ పార్టీ అన్నదీ రాస్తుంది. డెమోక్రాట్, రిపబ్లికన్, ఏ పార్టీ కాదు.. అని. మన హైకోర్టు జడ్జి నియామక ఉత్తర్వులో పక్కన పార్టీ పేరు రాస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి! టీవీ చర్చలు నెల రోజులు ఆగవు.

నియామకంతో కథ అయిపోదు. సుపీరియర్ కోర్టు జడ్జి పదవీకాలం ఆరేళ్లు. నియమితులైనవాళ్లు కూడా ఆ తర్వాత వచ్చే ఎన్నికలో జనం ముందు నిలబడాలి. బ్యాలెట్‌లో పార్టీ గుర్తు ఉండదు. పోటీగా ఎవరూ నామినేషన్ వేయకపోతే వాళ్ల పేరు అసలు బ్యాలెట్‌లోనే రాదు, నేరుగా కొనసాగుతారు. ఎక్కువ మంది విషయంలో జరిగేది ఇదే.

అయితే జనానికి కోపం వస్తే? శాంటాక్లారా కౌంటీ పేరు మీకు తెలిసే ఉంటుంది, సన్నీవేల్, క్యుపర్టినో, శాన్‌హోసే అన్నీ అందులోవే, మనవాళ్లు కిక్కిరిసిన ప్రాంతం. అక్కడి సుపీరియర్ కోర్టు జడ్జి ఆరన్ పెర్స్కీ, ఒక లైంగిక దాడి కేసులో దోషిగా తేలిన స్టాన్‌ఫర్డ్ విద్యార్థికి ఆరు నెలల జైలుశిక్ష మాత్రమే వేశారు. 2018 జూన్‌లో ఓటర్లు ఓటేసి ఆయన్ను కుర్చీలోంచి దింపేశారు. కాలిఫోర్నియాలో ఒక జడ్జిని అలా వెనక్కి పిలవడం 1932 తర్వాత అదే మొదటిసారి.

టెక్సస్‌లో ఇంకా నేరుగా ఉంటుంది. అక్కడ జడ్జి అభ్యర్థి పేరు పక్కన బ్యాలెట్‌లోనే పార్టీ పేరు ఉంటుంది. ఆ రాష్ట్రంలో ‘కౌంటీ జడ్జి’ అన్న పదవి మరో తిరకాసు. పెద్ద కౌంటీల్లో ఆ పదవిలో ఉన్నవారి అసలు పని పాలన, బడ్జెట్, తుపాను వస్తే సహాయ చర్యలు. మన లెక్కలో జిల్లా పరిషత్ ఛైర్మన్‌కు దగ్గర. ‘మనవాడు టెక్సస్‌లో జడ్జి అయ్యాడు’ అని ఈసారి ఎవరైనా ఫార్వర్డ్ చేస్తే, కౌంటీ జడ్జా, కోర్టు జడ్జా అని ఒకసారి చూసుకోండి.

ఎన్నికలంటే ఖర్చు. విస్కాన్సిన్‌లో 2025 ఏప్రిల్ 1న రాష్ట్ర సుప్రీంకోర్టులో ఒకే ఒక్క స్థానానికి ఎన్నిక జరిగింది. ఇరువైపులా కలిపి దాదాపు 10 కోట్ల డాలర్లు ఖర్చయింది. ఇలాన్ మస్క్ తరఫు డబ్బే 2 కోట్ల డాలర్లు దాటింది. ఆయన బలపరిచిన అభ్యర్థి ఓడిపోయారు, సూసన్ క్రాఫర్డ్ గెలిచారు. ఆమె గెలిచినా, ఆ డబ్బు చూశాక ఆ పద్ధతి మీద నాకు గౌరవం పెరగలేదు. రేపు తన ముందుకు కేసుతో వచ్చేవారి దగ్గర ఈరోజు విరాళం తీసుకోవాల్సి రావడం జడ్జికి ఇబ్బందే. మరి మన కొలీజియం? తలుపులు మూసుకుని జడ్జిలే జడ్జిల్ని ఎంపిక చేసుకునే పద్ధతి. దాన్ని మార్చేందుకు తెచ్చిన ఎన్‌జేఏసీ చట్టాన్ని 2015 అక్టోబరు 16న సుప్రీంకోర్టే కొట్టేసింది. వాళ్లది మరీ బహిరంగం, మనది మరీ గుట్టు. ఒకదాన్ని చూపించి మరోదాన్ని గొప్పదనడం కష్టం.

జీవితాంతం జడ్జి

ఫెడరల్ జడ్జిల తీరు దీనికి పూర్తిగా ఎదురు. అధ్యక్షుడు పేరు ప్రతిపాదిస్తారు, సెనేట్ ఆమోదిస్తుంది. ఒకసారి కూర్చున్నాక రిటైర్మెంట్ వయసు లేదు. మన హైకోర్టు జడ్జి 62కి, సుప్రీంకోర్టు జడ్జి 65కి దిగిపోవాలి. అక్కడ 80 దాటినా కేసులు వినేవాళ్లున్నారు. జీతం తగ్గించడానికి వీల్లేదు, ఎన్నిక భయం లేదు. దింపాలంటే అభిశంసన ఒక్కటే దారి. వాళ్ల చరిత్ర మొత్తంలో 15 మంది ఫెడరల్ జడ్జిలను ప్రతినిధుల సభ అభిశంసిస్తే, సెనేట్ పదవి తీసేసింది ఎనిమిది మందినే.

ఈ కుర్చీ బలం ఏంటో 2025లో మన ఇళ్లలోనే తెలిసింది. జనవరి 20న పదవిలోకి వచ్చిన రోజే ట్రంప్ ఒక ఉత్తర్వుపై సంతకం చేశారు. తల్లి అక్రమంగా ఉన్నా, లేదా హెచ్-1బీ, స్టూడెంట్ వంటి తాత్కాలిక వీసాపై ఉన్నా, తండ్రి పౌరుడు గానీ గ్రీన్ కార్డుదారుడు గానీ కాకపోతే, అక్కడ పుట్టిన బిడ్డకు పౌరసత్వం ఇవ్వబోమన్నది దాని సారాంశం. పురుడు పోయడానికి వీసా తీసుకుని సిద్ధంగా ఉన్న అమ్మమ్మలకు ఈ వార్త ఎలా తగిలిందో చెప్పనక్కర్లేదు.

మూడు రోజుల్లో, జనవరి 23న సియాటెల్‌లోని ఫెడరల్ జడ్జి జాన్ కాఫనార్ దాన్ని నిలిపేశారు. ఇది రాజ్యాంగానికి పచ్చిగా విరుద్ధమని కోర్టు హాల్లోనే అన్నారు. ఆయన్ను నియమించింది ఎవరో తెలుసా? రిపబ్లికన్ అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్, 1981లో. ట్రంప్ పార్టీయే.

దీనికి రెండో వైపూ చూడండి. కొత్త హెచ్-1బీ పిటిషన్లపై లక్ష డాలర్ల ఫీజు పెడుతూ 2025 సెప్టెంబరు 19న ట్రంప్ ప్రకటన చేశారు. అమెరికా వాణిజ్య మండలి దానిపై వాషింగ్టన్‌లో కేసు వేసింది. డిసెంబరులో జడ్జి బెరిల్ హోవెల్ ప్రభుత్వానికి అనుకూలంగా తీర్పు ఇచ్చారు. ఆమెను నియమించింది ఒబామా. ‘ట్రంప్ జడ్జి’, ‘ఒబామా జడ్జి’ అని ముందే లెక్కగట్టి ఆశపడటం, భయపడటం రెండూ పనికిరావని ఈ రెండు కేసులే చెబుతున్నాయి. పైకి వెళ్లే కొద్దీ, ముఖ్యంగా సుప్రీంకోర్టులో, నియమించిన పార్టీని బట్టి జడ్జిలు చీలడం ఎక్కువ. కింది కోర్టుల్లో ఆ లెక్క తరచూ తప్పుతుంది.

సియాటెల్ జడ్జి ఆపితే దేశమంతా ఆగుతుందా అన్నది తర్వాతి ప్రశ్న. మొదట ఆగింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2025 జూన్ 27న సుప్రీంకోర్టు 6-3 తేడాతో, కింది జడ్జిలు కేసు వేసినవారికి ఊరట ఇవ్వాలే తప్ప దేశం మొత్తానికి వర్తించే స్టేలు ఇవ్వడం వాళ్ల అధికారాన్ని మించిపోవచ్చని చెప్పింది. ఆ రోజు మన తెలుగు వెబ్‌సైట్లలో చాలా వరకు ‘పౌరసత్వం రద్దుకు సుప్రీం ఓకే’ అన్న ధ్వనితో రాశాయి. అది తప్పు. పౌరసత్వం ఉత్తర్వు రాజ్యాంగబద్ధమా కాదా అన్నది ఆ రోజు కోర్టు తేల్చనే లేదు. స్టే ఎంత దూరం వెళ్లాలన్నదే తేల్చింది.

లాయర్లు వెంటనే వేరే దారి పట్టారు. ఒక్కొక్కరి కేసుగా కాకుండా, 2025 ఫిబ్రవరి 20 తర్వాత పుట్టిన, ఆ ఉత్తర్వు తగిలే పిల్లలందరినీ ఒక వర్గంగా చూపించి న్యూహాంప్‌షైర్‌లో సామూహిక కేసు వేశారు. జులై 10న జడ్జి జోసెఫ్ లాప్లాంట్ ఆ వర్గం మొత్తానికీ రక్షణ ఇచ్చారు. ఆయన కూడా రిపబ్లికన్ అధ్యక్షుడు జార్జ్ బుష్ నియమించినవారే. అసలు ప్రశ్నను తేల్చడానికి సుప్రీంకోర్టు 2025 డిసెంబరులో ఆ కేసును విచారణకు తీసుకుంది.

కాబట్టి ‘స్టే’ అన్న వార్త కనిపిస్తే మూడు విషయాలు వెతకండి. ఇచ్చింది ఏ మెట్టు మీదున్న జడ్జి? రక్షణ ఎవరికి, కేసు వేసినవారికా, ఒక వర్గం మొత్తానికా? తాత్కాలికమా, తుది తీర్పా? 2025 ఏప్రిల్‌లో వేలాది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు ఉన్నట్టుండి రద్దయినప్పుడు ఇదే ముఖ్యమైంది. అట్లాంటాలో కేసు వేసిన 133 మంది విద్యార్థుల రికార్డులు తిరిగి తెరవాలని జడ్జి విక్టోరియా కాల్వర్ట్ ఆదేశించారు. ఆ ఆదేశం ఆ 133 మందికే. అదే పరిస్థితిలో ఉండి కేసు వేయని పక్క గది కుర్రాడికి దానితో ఏమీ రాలేదు. ఇలాంటి ఆదేశాలు చాలా చోట్ల వచ్చాక ఏప్రిల్ 25న ప్రభుత్వమే దిగివచ్చి రికార్డుల్ని పునరుద్ధరిస్తామంది.

జడ్జి అని పిలుస్తారు, కానీ..

ఇప్పుడు మూడో కుర్చీ. మన కుటుంబాలకు అన్నిటికన్నా ముఖ్యమైనది, మనకు అన్నిటికన్నా తక్కువ తెలిసినది ఇదే. ఇమిగ్రేషన్ జడ్జి.

నల్ల గౌను ఉంటుంది, బల్ల ఉంటుంది, ‘యువర్ ఆనర్’ అంటారు. కానీ ఈ కోర్టులు పైన చెప్పిన రెండు నిచ్చెనల్లో దేనిమీదా లేవు. అమెరికా న్యాయశాఖలో ఒక విభాగం అవి. జడ్జిల్ని నియమించేది అటార్నీ జనరల్, అంటే మంత్రివర్గ సభ్యులు. తీసేసేదీ ఆ శాఖే. మిమ్మల్ని దేశం నుంచి పంపించాలని వాదించేది ప్రభుత్వ లాయర్, తీర్పు చెప్పేది ప్రభుత్వ శాఖ ఉద్యోగి. 2025లో వందకు పైగా ఇమిగ్రేషన్ జడ్జిలు ఉద్యోగాలు కోల్పోవడమో, తప్పుకోవడమో జరిగింది. జీవితాంతం కూర్చునే ఫెడరల్ జడ్జికి అలా ఎప్పటికీ జరగదు. పెండింగ్ కేసులు 30 లక్షలకు పైనే.

మరో తేడా జేబుకు తగిలేది. క్రిమినల్ కేసులో లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేకపోతే ప్రభుత్వమే ఇవ్వాలని 1963 నుంచి అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఉంది. ఇమిగ్రేషన్ కోర్టులో ఆ హక్కు లేదు. లాయర్‌ను పెట్టుకోవచ్చు, ఖర్చు మీదే.

రెండు రకాల జడ్జిల తేడా ఎంత నిర్దయగా ఉంటుందో 2019 జనవరి చివర్లో తెలుగువాళ్లు చూశారు. మిషిగన్ రాష్ట్రంలో ‘యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్’ అని ఒకటి ఉండేది. వెబ్‌సైట్ ఉంది, ఫీజు ఉంది, క్లాసులు లేవు. నడిపింది ఇమిగ్రేషన్ విభాగం అధికారులే, వల పన్నడానికి. సుమారు 600 మంది చేరారు. జనవరి 30న వల లాగారు. విద్యార్థుల్ని చేర్పించారంటూ ఎనిమిది మందిని అరెస్టు చేశారు, అందరూ తెలుగువాళ్లే. ఆ ఒకటి రెండు రోజుల్లో 130 మంది విద్యార్థుల్ని పట్టుకుంటే అందులో 129 మంది భారతీయులు, ఎక్కువ మంది తెలుగు పిల్లలు.

ఎనిమిది మందిని డెట్రాయిట్‌లోని ఫెడరల్ జిల్లా కోర్టుకు తీసుకెళ్లారు. వాళ్లపై నేరారోపణ ఉంది కాబట్టి లాయర్ హక్కు, జ్యూరీ హక్కు, బెయిల్ విచారణ అన్నీ వర్తించాయి. చివరికి ఎనిమిది మందీ నేరం ఒప్పుకున్నారు, శిక్షలు పడ్డాయి. విద్యార్థులపై నేరారోపణే లేదు. వినడానికి అది మంచిదిలాగే ఉంటుంది. కానీ అందువల్లే వాళ్లు ఇమిగ్రేషన్ నిర్బంధంలోకి, ఇమిగ్రేషన్ కోర్టు దారిలోకి వెళ్లారు. ఉచిత లాయర్ లేరు, జ్యూరీ లేదు. ఎక్కువ మంది పోరాడకుండా స్వచ్ఛందంగా వెనక్కి వచ్చేశారు. నేరం మోపినవారికి ఉన్న రక్షణలు నేరం మోపనివారికి లేకపోవడం ఆ వ్యవస్థలో మామూలు సంగతి.

అక్కడితో అయిపోలేదు. ఫీజు కట్టించుకుని చదువు చెప్పలేదు కాబట్టి ప్రభుత్వం ఒప్పందం ఉల్లంఘించిందంటూ ఒక విద్యార్థి అందరి తరఫునా కేసు వేశారు. ప్రభుత్వం మీద డబ్బు కోసం వేసే దావాల్ని వినే ప్రత్యేక ఫెడరల్ కోర్టు వాషింగ్టన్‌లో ఉంది. అది 2022లో కొట్టేసింది. 2024 జూన్‌లో అప్పీలు కోర్టు ఆ కేసును బతికించింది. ఒకే సంఘటన, మూడు రకాల కోర్టులు.

‘ఒప్పుకుంటే అయిపోతుంది’ అన్నప్పుడు

హాలీవుడ్ సినిమాల్లో 12 మంది జ్యూరీ, లాయర్ల వాదనలు చూసి అమెరికా కోర్టు అంటే అదే అనుకుంటాం. నిజానికి అక్కడ క్రిమినల్ కేసుల్లో నూటికి 90కి పైగా విచారణ దాకా వెళ్లవు. ప్రాసిక్యూటర్‌తో బేరం కుదుర్చుకుని, చిన్న నేరం ఒప్పుకుని బయటపడతారు. మన చట్టంలోనూ 2006 నుంచి ప్లీ బార్గెయినింగ్ ఉంది గానీ వాడకం బహు తక్కువ.

ఆ బేరంలో జడ్జి కన్నా ప్రాసిక్యూటర్ మాటే ఎక్కువ. చాలా రాష్ట్రాల్లో ప్రాసిక్యూటర్ కూడా ఎన్నికైన నాయకుడే. మన పీపీలా ప్రభుత్వం నియమించినవారు కాదు. 2023 జనవరిలో సియాటెల్‌లో పోలీసు వాహనం ఢీకొని మన రాష్ట్ర విద్యార్థిని చనిపోయిన ఘటన మీకు గుర్తుండే ఉంటుంది. ఆ అధికారిపై క్రిమినల్ కేసు పెట్టేందుకు తగిన ఆధారాల్లేవని 2024 ఫిబ్రవరిలో నిర్ణయించింది కోర్టు కాదు, ప్రాసిక్యూటర్ కార్యాలయం. ‘అమెరికా కోర్టు వదిలేసింది’ అని ఇక్కడ తిట్టుకున్నారు. క్రిమినల్ కేసుగా ఆ ఫైలు ఏ జడ్జి ముందుకూ వెళ్లలేదు.

వీసా మీద ఉన్నవాళ్లకు ఈ బేరంలో ఒక గొయ్యి ఉంది. షాపులో వస్తువు తీసినా, భార్యాభర్తల గొడవలో 911కు ఫోన్ వెళ్లినా, కేసు రాష్ట్ర కోర్టులో నడుస్తుంది. ‘చిన్న నేరం ఒప్పుకో, జైలు ఉండదు’ అంటారు. రాష్ట్ర జడ్జి దగ్గర అది నిజంగానే చిన్నది. కానీ అదే కాగితం ఇమిగ్రేషన్ జడ్జి బల్ల మీదకు చేరితే దేశం వదలాల్సిన కారణం కావచ్చు. ‘నేరం ఒప్పుకోను, పోరాడను’ అనే నో కాంటెస్ట్ కూడా ఇమిగ్రేషన్ చట్టం లెక్కలో శిక్ష పడినట్టే. నేరం ఒప్పుకుంటే వీసాకు ఏమవుతుందో క్లయింటుకు చెప్పడం క్రిమినల్ లాయర్ బాధ్యత అని 2010లో పడీయా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. చెప్పకపోతే అడగాలి. సంతకం పెట్టేముందు ఇమిగ్రేషన్ లాయర్‌కు ఆ కాగితం చూపించాలి. ఇక్కడి నుంచి తల్లిదండ్రులు చేయగలిగిన అతి పెద్ద సాయం, ‘ఎలాగోలా బయటపడు నాన్నా’ అని తొందరపెట్టకపోవడం.

రాత్రి ఫోన్ వస్తే

మొదట కాగితం పైవరుస చదివించండి. కౌంటీ పేరు, రాష్ట్రం పేరు ఉంటే అది రాష్ట్ర కోర్టు. ‘యునైటెడ్ స్టేట్స్ డిస్ట్రిక్ట్ కోర్ట్’ అని ఉంటే ఫెడరల్. ‘ఎగ్జిక్యూటివ్ ఆఫీస్ ఫర్ ఇమిగ్రేషన్ రివ్యూ’ అని ఉంటే ఇమిగ్రేషన్ కోర్టు. లాయర్‌ను వెతకడం ఆ తర్వాతే, ఎందుకంటే మూడింటికీ వేర్వేరు లాయర్లు.

కేసు ఎక్కడిదాకా వచ్చిందో ఇక్కడి నుంచే చూడొచ్చు. మన ఈ-కోర్ట్స్ యాప్‌లో 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు కొడితే వాయిదా తేదీ ఉచితంగా వస్తుంది కదా, ఇమిగ్రేషన్ కోర్టుకూ అలాంటి ఉచిత వెబ్‌సైట్ ఉంది. ‘ఏ’ అక్షరంతో మొదలయ్యే తొమ్మిదంకెల నంబరు, ఏ దేశస్థులో చెబితే చాలు. ఫెడరల్ కేసుల కాగితాలు పేసర్ అనే సైట్‌లో దొరుకుతాయి, పేజీకి 10 సెంట్లు. మూడు నెలల్లో 30 డాలర్లు దాటకపోతే ఆ బిల్లూ మాఫీ. రాష్ట్ర కోర్టులకు మాత్రం ఒక్కో కౌంటీది ఒక్కో వెబ్‌సైట్.

అరెస్టయిన విదేశీయుడు తన కాన్సులేట్‌కు సమాచారం ఇవ్వమని అడగవచ్చు, వియన్నా ఒప్పందం ఇచ్చిన హక్కు అది. కొన్ని దేశాల వారి విషయంలో అమెరికా పోలీసులు అడక్కుండానే తెలియజేయాలి. ఆ జాబితాలో భారత్ లేదు. కాబట్టి మీ అబ్బాయే నోరు తెరిచి అడగాలి. ఇటు నుంచి సాయానికి ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ ఉంది. ఫార్మింగ్టన్ అరెస్టుల సమయంలో వాషింగ్టన్‌లోని భారత రాయబార కార్యాలయం 24 గంటల హెల్ప్‌లైన్ తెరిచింది.

డబ్బు విషయం. రాష్ట్ర కోర్టు బెయిల్‌కు ఏజెంటును పెట్టుకుంటే, సాధారణంగా బెయిల్ మొత్తంలో పదో వంతు ఫీజు తీసుకుంటారు. అది తిరిగి రాదు. ఇమిగ్రేషన్ బాండ్ కనీసం 1,500 డాలర్లు, అన్ని వాయిదాలకూ హాజరై చెప్పినట్టు నడుచుకుంటే తిరిగి వస్తుంది. గిఫ్ట్ కార్డులు, క్రిప్టో అడిగే ‘కోర్టు ఆఫీసర్’ ఫోన్ అయితే మాట్లాడకుండా పెట్టేయండి. ఏ నిచ్చెన మీదున్న ఏ కోర్టూ అలా అడగదు.

ఇమిగ్రేషన్ నిర్బంధం అక్రమమని అనిపిస్తే, దాన్ని హెబియస్ కార్పస్ పిటిషన్‌తో ఫెడరల్ జిల్లా జడ్జి ముందుకు తీసుకెళ్లవచ్చు. మన హైకోర్టులో వేసే హెబియస్ కార్పస్ లాంటిదే, పేరు కూడా అదే. శాఖ ఉద్యోగి అయిన జడ్జిని దాటి, జీవితాంతం కుర్చీలో ఉండే జడ్జి దగ్గరకు వెళ్లే దారి అది.

జడ్జే లేని చోటు

ఇంతమంది జడ్జిల్లో ఒక్కరూ చేయి పెట్టని చోటు ఒకటుంది. అది మనకు దగ్గర్లోనే, హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో. బెజవాడ నుంచి తెల్లవారుజామున బయలుదేరి, ఫైలు గుండెకు హత్తుకుని వరసలో నిలబడే అమెరికా కాన్సులేట్ కిటికీ. అక్కడి అధికారి వీసా నిరాకరిస్తే, దానిపై అప్పీలు వినే కోర్టు అమెరికాలో దాదాపు లేదు. మద్యం తాగి కారు నడిపాడని అమెరికాలో అరెస్టయినవారి వీసాను, కోర్టు నేరం తేల్చకముందే రద్దు చేసే అధికారం కూడా విదేశాంగ శాఖకే ఉంది. కోర్టు తర్వాత నిర్దోషి అన్నా, రద్దయిన వీసా దానంతట అది బతకదు, మళ్లీ దరఖాస్తు చేసుకోవాల్సిందే.

భర్తకు వీసా నిరాకరించారని లాస్ ఏంజెలెస్‌కు చెందిన ఒక మహిళ సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ఆమె అమెరికా పౌరురాలు, స్వయానా లాయరు. 2024 జూన్ 21న సుప్రీంకోర్టు 6-3తో ఆమె వాదనను తోసిపుచ్చింది. భర్తను దేశంలోకి రానివ్వాలని అడిగే రాజ్యాంగ హక్కు భార్యకు లేదంది.